అమ్మ ఏ బంతిలో కూర్చుంది?

హైదరాబాద్‌కు పడమటి వైపున మాదాపూర్ ఉంది. ఒకప్పుడు అది చిన్న ఊరు. చుట్టూ పెద్ద పెద్ద బండలు. పక్కనే దుర్గం చెరువు. 1998 నవంబర్ 22న అక్కడ సైబర్ టవర్స్ అనే భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ చోటుకు హైటెక్ సిటీ అని పేరు వచ్చింది. ఆ తరువాత కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలు లేచాయి.

ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే వారి గురించి అందరూ మాట్లాడుకుంటారు. వాళ్లు రాక ముందే వచ్చే వారు కొందరున్నారు. నేల తుడిచేవారు, బాత్‌రూములు కడిగేవారు, క్యాంటీన్‌లో వంట చేసేవారు, గేటు దగ్గర నిలబడేవారు. వీరిలో చాలామంది ఆడవాళ్లు. పాలమూరు నుంచి, మెదక్ నుంచి, శ్రీకాకుళం నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నారు. బోరబండ, లింగంపల్లి, మియాపూర్, సిద్దిక్‌నగర్ లాంటి చోట్ల గదులు తీసుకుని ఉంటున్నారు.

ఈ ప్రాంతంలో గడియారం వేరుగా తిరుగుతుంది. దానికి కారణం ఉంది. ఇక్కడి కంపెనీలు చాలావరకు అమెరికా వాళ్ల కోసం పని చేస్తాయి. చలికాలంలో అమెరికాలోని న్యూయార్క్‌లో పొద్దున 9 గంటలైతే, మనకు రాత్రి 7:30 అవుతుంది. వాళ్లకు తెల్లవారితే మనకు పొద్దు గూకుతుంది. అందుకే ఇక్కడి ఆఫీసుల్లో రాత్రంతా దీపాలు వెలుగుతాయి. ఆఫీసు నడిస్తే క్యాంటీన్ నడవాలి. లిఫ్టు నడవాలి. కాపలా ఉండాలి. ఎక్కడో సముద్రాల అవతల తెల్లవారడం వల్ల, బోరబండలో ఒక ఇంట్లో రాత్రి అన్నం వేళ మారిపోతుంది.

ఐదుగురు, ఐదు వేళలు

ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. ఈ బస్తీల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇంట్లో ఐదుగురు. మామ, భర్త, ఆమె, కొడుకు, బిడ్డ. భర్త రాత్రి కాపలా పనికి పోతాడు. సాయంత్రం 7 గంటలకు పోయి, పొద్దున 8:30కు వస్తాడు. ఆమె ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. పొద్దున 7 గంటలకు పని ఎక్కాలి. అందుకని 4:30కే లేస్తుంది. పొయ్యి వెలిగిస్తుంది. అందరికీ వండి, డబ్బా కట్టుకుని 6 గంటలకు ఆటో ఎక్కుతుంది. కొడుకు బండి మీద ఇంటింటికీ తిండి చేరవేస్తాడు. లోకమంతా తినే వేళ వాడికి పని వేళ. వాడు తినేసరికి మూడో, నాలుగో అవుతుంది. రాత్రి 11:30కు ఇల్లు చేరతాడు. బిడ్డ ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం బడిలోనే తింటుంది. మామ ఆకలైనప్పుడు తానే పెట్టుకుంటాడు, లేదా పిలిచి పెట్టమంటాడు.

ఒకే పొయ్యి మీద వండిన అన్నాన్ని ఐదుగురు ఐదు వేళల్లో తింటారు. ఒకరు తిన్నది ఇంకొకరు చూడరు.

రాత్రి బిడ్డకు, మామకు ఆమె పెడుతుంది. "నువ్వు తినవా అమ్మా?" అని బిడ్డ అడుగుతుంది. "అన్న వస్తడు కదా, తర్వాత తింట" అంటుంది ఆమె. కొడుకు 11:30కు వస్తాడు. బాగా ఆకలి మీద ఉంటాడు. కూర అడుగంటా ఊడ్చి పెడుతుంది. అప్పుడు గిన్నెలో మిగిలింది ఆమెది. ఒకనాడు చారు ఉంటుంది. ఒకనాడు పచ్చడి మెతుకులు. మళ్లీ 4:30కు లేవాలి. ఒక్కోసారి తినే ఓపిక లేక మంచినీళ్లు తాగి పడుకుంటుంది.

ఇంట్లో ఎవరూ ఆమెను తినొద్దని అనలేదు. భర్త చెడ్డవాడు కాదు. కొడుకుకు తల్లంటే ప్రాణం. అయినా ఆమెకు చాలడం లేదు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆమె తినేటప్పుడు చూసేవారు లేరు.

మనలో ఒక సామెత ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. బంతి అంటే పెళ్లిళ్లలో భోజనానికి కూర్చునే వరుస. మనవాడు వడ్డిస్తే చివరి వరుసలో ఉన్నా మన విస్తట్లోకి ముక్క వస్తుందని దాని భావం. మరి ఇంట్లో వడ్డించేది ఎవరు? అమ్మే. కడబంతిలో కూర్చునేది ఎవరు? అదీ అమ్మే. తన చేతిలోనే గరిటె ఉంది. తన విస్తట్లోకే ముక్క రాదు. సామెత ఇక్కడ తప్పింది.

చిత్రం ఏమంటే, పని దగ్గర ఆమె ఇలా తినదు. మధ్యాహ్నం ఆఫీసు సెల్లార్‌లో నలుగురైదుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. డబ్బాలు విప్పుతారు. ఒకరి డబ్బాలోని వంకాయ ఇంకొకరి డబ్బాలోకి పోతుంది. ఒకామె డబ్బాలో ఉట్టి అన్నం ఉంటే మిగతావాళ్లు ఊరుకోరు. "ఇదేందక్కా, కూర తేలేదా? ఇగో పట్టు" అంటారు. అక్కడ ఒకరి డబ్బా ఒకరికి కనబడుతుంది. అందుకే ఎవరూ ఉట్టి అన్నం తినరు.

కార్డులో వాటా, గిన్నెలో వాటా

రేషన్ కార్డు తీసి చూడండి. 2013లో దేశంలో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్ద వయసు ఆమె పేరునే ఇంటి పెద్దగా రాయాలి. అంటే మనం అనుకున్న ఇంట్లో ఇంటి పెద్ద ఆమే.

తెలంగాణలో 2025 ఉగాది నాడు రేషన్ కార్డుల మీద సన్న బియ్యం ఇచ్చే పథకం మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. లెక్క వేయండి. ఐదుగురికి 30 కిలోలు. నెలకు 30 రోజులు. రోజుకు కిలో. ఆ కిలోలో ఒక్కొక్కరికి 200 గ్రాములు. మామకు 200. భర్తకు 200. కొడుకుకు, బిడ్డకు అంతే. ఆమెకూ 200 గ్రాములు.

రేషన్ షాపు కాంటా ఆమెకు తక్కువ తూచదు. ఇంటి గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆ వాటా తగ్గిపోతుంది. తగ్గించేది కూడా ఆమె చేయే.

బియ్యం సంగతి ఇదైతే, గుడ్డు, పప్పు, పాలు, మాంసం సంగతి ఇంకా కష్టం. ఇంట్లో నాలుగు గుడ్లున్నాయి. మనుషులు ఐదుగురు. ఉడకబెట్టి ఒక్కొక్కరికి ఒకటి పెడితే ఎవరికి రాదో చెప్పనక్కర లేదు. అదే నాలుగు గుడ్లు ఉల్లిగడ్డలు వేసి పొరటు చేసి, గిన్నె మధ్యలో పెట్టుకుని ఐదుగురూ ఒక్కసారే కూర్చుంటే ఐదుగురికీ వస్తుంది. ఖర్చు పెరగలేదు. గుడ్లు పెరగలేదు.

ఈ తేడా ఊరికే మాటల్లో ఉండేది కాదు. ఒంట్లో కనిపిస్తుంది. 2019 నుంచి 2021 వరకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల రక్తం పరీక్ష చేశారు. తెలంగాణలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఐదేళ్ల లోపు పిల్లల్లో అది నూటికి 70. రక్తహీనత ఉంటే మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కళ్లు తిరుగుతాయి. ఎప్పుడూ నీరసంగా ఉంటుంది. ఇరవై అంతస్తుల మేడలో బకెట్టు, మాపు పట్టుకుని తిరిగే మనిషికి ఇది చిన్న బాధ కాదు.

ఆలస్యంగా తినడం ఒక్కటే రక్తహీనతకు కారణమని అనలేం. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, కాన్పులు దగ్గర దగ్గరగా కావడం, కడుపులో నులిపురుగులు, ఇవన్నీ కారణాలే. అందుకే దవాఖానలో రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఐరన్ మాత్రలు ఇస్తే వాడాలి. కానీ ఆకుకూర, పప్పు, గుడ్డు విస్తట్లోకి రాకుండా మాత్ర ఒక్కటే ఎంత పని చేస్తుంది?

ఇంకో మాట. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో పుట్టిన సంస్థ అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో ఎవరు ఏమి తినాలో చెప్పేది వీరే. అన్నానికి గంట ముందు, గంట తరువాత చాయ్ తాగొద్దని వీరు 2024లో చెప్పారు. చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఆకలి చంపుకోవడానికి చాయ్ మీద చాయ్ తాగే ఆడవాళ్లు ఎంతమంది లేరు! ముందు అన్నం వేళకు పడితే, ఆ చాయ్ దానంతట అదే తగ్గుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే మాత్రం మంచిది. ఇనుము బాగా పడుతుంది.

అంగన్‌వాడీలో ఎందుకు తినమంటారు?

ఆడవాళ్ల వాటా ఇంట్లో కరిగిపోతుందని సర్కారుకూ తెలుసు. 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట నిండు భోజనం పెడతారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలి. అక్కడే మాత్ర వేసుకోవాలి.

ఇంటికి ఇచ్చి పంపితే ఏమవుతుంది? గుడ్డు కొడుకుకు పోతుంది. పాలు మామ చాయ్‌లోకి పోతాయి. ఇచ్చేది తల్లే, ప్రేమతోనే ఇస్తుంది. అందుకే పదిమందితో కలిపి కూర్చోబెట్టి తినిపిస్తున్నారు.

ఇది ఒక్క తెలంగాణ బాధ కాదు. 2011–12లో పరిశోధకులు దేశమంతా తిరిగి 42 వేలకు పైగా ఇళ్లలో సర్వే చేశారు. ఆదాయం అడిగారు, చదువు అడిగారు. వాటితో పాటు "మీ ఇంట్లో అన్నం ఎవరు ముందు తింటారు? అందరూ కలిసి తింటారా?" అని కూడా అడిగారు. పెద్ద చదువులు చదివినవారు పనిగట్టుకుని అడిగారంటే అది అడగదగిన ప్రశ్నే.

రాజస్థాన్‌లో బాన్స్‌వాడా, సిరోహి అనే జిల్లాలున్నాయి. గిరిజనులు ఎక్కువ. 2015–17 మధ్య అక్కడి ఆడవాళ్ల సంఘాల్లో తిండి గురించి చర్చలు పెట్టారు. ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినండి అన్నది అందులో ముఖ్యమైన మాట. ఆడవాళ్లతోనే కాదు, మగవాళ్లతోనూ మాట్లాడారు. అలా కూర్చున్న ఇళ్లలో గిన్నెలో ఏముందో, ఎవరికి ఎంత వస్తుందో మగవాళ్లు కళ్లారా చూశారు. ఆడవాళ్ల తిండిలో, పిల్లల తిండిలో రకాలు పెరిగాయి.

విస్తరి దగ్గరి మాటలు

కలిసి తింటే పిల్లలకు ఇంకో లాభం ఉంది. ఇది చాలామందికి తెలియదు.

అమెరికాలో హార్వర్డ్ అనే పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పరిశోధకులు 1980లలో ఒక పని మొదలుపెట్టారు. పేద కుటుంబాల చిన్న పిల్లలను ఎంచుకున్నారు. వాళ్ల ఇళ్లలో అన్నం తినేటప్పుడు మాట్లాడుకునే మాటలను టేపులో పట్టారు. ఆ పిల్లలు పెద్ద తరగతులకు వెళ్లేదాకా గమనించారు. తినేటప్పుడు కొత్త కొత్త మాటలు ఎక్కువ విన్న పిల్లలకు తరువాత చదువులో ఎక్కువ మాటలు తెలిశాయి.

తల్లికి చదువు రాకపోయినా ఇది జరుగుతుంది. పాలమూరు నుంచి వచ్చిన తల్లి దగ్గర ఎన్ని మాటలుంటాయి! దుక్కి, కలుపు, కల్లం, గుమ్మి, తూర్పారబట్టడం. హైదరాబాద్‌లో పుట్టిన బిడ్డకు ఇవి ఎవరు చెబుతారు? మామ దగ్గర ఇంకా ఉంటాయి. ముసలాయన ఒంటరిగా గోడకు ఒరిగి తింటే ఆ మాటలు ఆయనతోనే ఉండిపోతాయి. బిడ్డ బడి నుంచి తెచ్చే మాటలూ ఉంటాయి. అవి తల్లికి కొత్త. ఇద్దరికీ లాభమే.

దీనికి అడ్డం ఒకటుంది. సెల్‌ఫోన్. కొందరు తల్లులు చిన్న పిల్లలకు ఫోన్ చూపిస్తూ ముద్ద పెడతారు. పని తొందరలో వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండింది తెలియదు, కూర రుచి తెలియదు. పెద్దలు ఫోన్ పక్కన పెడితేనే పిల్లలు పెడతారు.

ఇంకో అడ్డం కోపం. అందరూ దొరికారు కదా అని కొందరు అన్నం దగ్గరే మార్కుల లెక్క తీస్తారు. అప్పుల మాట ఎత్తుతారు. తాగి వచ్చి పళ్లెం విసిరే మగవాడు ఉన్న ఇంట్లో పిల్లలు విడివిడిగా దాక్కుని తినడమే మేలనుకుంటారు. అలాంటి ఇంట్లో ముందు తీర్చుకోవలసిన బాధ వేరే ఉంది. సంఘంలో చెప్పాలి. సాయం అడగాలి. ఉట్టిగా బంతి వేసి కూర్చోబెడితే అది తీరదు.

మామ ముందు కూర్చోవచ్చా?

"మామ ముందు కోడలు కూర్చుని తింటే బాగుంటదా?" అని కొందరు అడుగుతారు. పాత రోజుల్లో అది మర్యాద. ఆ రోజుల్లో కోడలు బస్సెక్కి పనికి పోయేది కాదు. ఇప్పుడు ఇంటి అద్దెలో కోడలి జీతం ఉంది. మర్యాద అంటే పెద్దాయనకు ముందు వడ్డించడం. అది చేయొచ్చు. వడ్డించి పక్కనే కూర్చోవచ్చు. ఎదురుగా కూర్చోవడానికి సిగ్గనిపిస్తే బిడ్డను మధ్యలో కూర్చోబెట్టుకోవచ్చు. పది రోజులైతే అలవాటవుతుంది.

"కూర్చుంటే మళ్లీ లేచి ఎవరు వడ్డిస్తారు?" అని ఇంకొందరు అడుగుతారు. ఇది అసలైన ప్రశ్న. అన్నం, కూర, నీళ్ల చెంబు, ఉప్పు, అన్నీ ముందే మధ్యలో పెట్టుకోవాలి. మారు కావలసినవారు తామే పెట్టుకోవాలి. కొడుకుకు చేతులున్నాయి. ఊరందరి ఇళ్లకూ అన్నం మోసే కొడుకు తన ఇంట్లో గరిటె పట్టుకుంటే తప్పేముంది? తిన్న పళ్లెం ఎవరిది వారు కడుక్కోవాలి. పని అంతా ఆమె మీదే ఉంచి "కలిసి తిందాం రా" అంటే ఆమె వంటింటికీ పళ్లేనికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇది చాలా ఇళ్లలో తెలిసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇళ్ల నుంచే పని చేశారు. భార్యాభర్తలు, పిల్లలు మూడు పూటలా ఇంట్లోనే తిన్నారు. కలిసి తినడం బాగుందన్నారు. అయితే మూడు పూటలా వండింది ఎవరో, గిన్నెలు తోమింది ఎవరో ఆ ఇళ్ల ఆడవాళ్లనే అడగాలి.

వేళ ఎక్కడ దొరుకుతుంది?

షిఫ్టులు మన చేతిలో లేవు. అందుకే వేళను వెతకాలి. దీనికి చదువు పనికొస్తుంది.

ఒక కాగితం తీసుకోవాలి. ఎడమ వైపు ఇంట్లో వాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయాలి. పేరు ఎదురుగా ఇంట్లో ఉండే గంటలు రాయాలి. మనం అనుకున్న ఇంటి కాగితం ఇలా ఉంటుంది. భర్త: పొద్దున 8:30 నుంచి సాయంత్రం 7 వరకు. ఆమె: సాయంత్రం 5 నుంచి పొద్దున 6 వరకు. బిడ్డ: సాయంత్రం 5 నుంచి పొద్దున 8 వరకు. మామ: రోజంతా. కొడుకు: రాత్రి 11:30 నుంచి పగలు 11 వరకు.

ఇప్పుడు కాగితం మీద వేలు పెట్టి చూడాలి. సాయంత్రం 5 నుంచి 7 దాకా నలుగురు ఇంట్లో ఉన్నారు. కొడుకు లేడు. కానీ వాడికి మధ్యాహ్నం 3 దాటాక ఆర్డర్లు తగ్గుతాయి. మళ్లీ రాత్రి 7 నుంచి పెరుగుతాయి. అంటే 6 గంటలకు వాడు ఇల్లు చేరొచ్చు. రాత్రి 11:30కు వచ్చాక మజ్జిగన్నమో, పండో తిని పడుకోవచ్చు. ఐదుగురికీ కలిసే వేళ దొరికింది. సాయంత్రం 6 గంటలు. చీకటి పడక ముందే రాత్రి అన్నం ఏమిటని మామ గొణగవచ్చు. ఊర్లో పొద్దు గూకే వేళకే తినేవారని ఆయనకే గుర్తు చేయాలి.

అందరికీ సాయంత్రమే కుదరదు. కొన్ని ఇళ్లలో పొద్దున కుదురుతుంది. కొన్ని ఇళ్లలో వారానికి ఒక్క ఆదివారమే. మగవాడు వేరే ఊర్లో ఉంటే తల్లీ పిల్లలే కూర్చోవాలి. ఇద్దరున్నా అది బంతే. పొద్దున ఇంట్లో తినకుండా పరుగెత్తే ఆడవాళ్లకు నగరంలో ఇంకో దారి ఉంది. నగరపాలక సంస్థ 2014లో 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. 2025లో వాటి పేరు ఇందిరమ్మ క్యాంటీన్లుగా మార్చి, 5 రూపాయలకు టిఫిన్ కూడా పెట్టడం మొదలైంది. దారిలో ఉంటే తినొచ్చు. ఖాళీ కడుపుతో మాపు పట్టడం కన్నా అది నయం.

గంటల కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టుకోవాలి. ఏడు రోజులకు ఏడు గడులు గీయాలి. ఎవరు ఎన్ని గంటలకు తిన్నారు, కూర ఏమిటి, గుడ్డు వచ్చిందా, ఇంతే రాయాలి. రాసేది అమ్మ. తన పేరు కూడా రాయాలి. చాలామంది ఆ ఒక్క పేరే మరచిపోతారు. ఏ రోజైనా అమ్మ గడి ఖాళీగా ఉంటే దాన్ని నింపి సర్దవద్దు. ఖాళీగానే ఉంచి, కాగితాన్ని అన్నం తినే చోట గోడకు అతికించాలి. ఇంట్లో అందరికీ కనబడాలి.

పెన్సిల్‌తో రాసుకుంటే మేలు. షిఫ్టులు మారుతుంటాయి.